నల్ల చిగుళ్ళు

హేమంతుకు చెమట పట్టదన్న సంగతి వాడు పుట్టిన మూడో నెలలోనే చౌడమ్మకు తెలుసు. నీళ్ళు పోసి తుడుస్తూ వీపు మీద చెయ్యి పెట్టి చూసింది. ఎండాకాలం, పొయ్యి పక్కన తన ఒళ్ళంతా కారిపోతోంది. బిడ్డ వీపు మాత్రం ఎండుటాకులా పొడిగా, పెనంలా వేడిగా ఉంది. అలాంటి వీపును ఆ చెయ్యి అంతకు ముందొకసారి ముట్టుకుంది. అందుకే ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు వాడికి ఆరేళ్ళు. ఉగాది ఇంకా రెండు వారాలుందనగా ఒక సోమవారం వాళ్ళ బడికి పళ్ళ డాక్టర్లు వచ్చారు. పిల్లల్ని వరండాలో వరసగా నిలబెట్టి, టార్చిలైటు వేసి నోళ్ళు చూస్తున్నారు. మనవణ్ణి ఇంటికి పిలుచుకుపోదామని వచ్చిన చౌడమ్మ గేటు దగ్గరే ఆగిపోయింది. వరసలో హేమంతుకు ముందొక మనిషి పట్టేంత ఖాళీ, వెనకొక మనిషి పట్టేంత ఖాళీ. వాణ్ణి ఆనుకుని నిలబడడానికి ఏ పిల్లా ఒప్పుకోదు.

"నోరు తెరువు చిన్నా" అంది డాక్టరు. పడుచుపిల్ల. పేరు స్పందన అని కోటు మీద కుట్టి ఉంది.

వాడు తెరిచాడు. ఆమె చేతిలో టార్చి కదలకుండా అక్కడే నిలిచిపోయింది. పైన రెండే రెండు పళ్ళు, మల్లెమొగ్గల్లా సన్నగా, మొనదేరి. మిగతా నోరంతా ముసలివాళ్ళ నోరులా వట్టి చిగుళ్ళు. డాక్టరు వాడి పలచని ఎర్రజుట్టు నిమిరింది. కళ్ళ కింద నల్లబడిన ముడతలు చూసింది. నుదుటి మీద చెయ్యి వేసి, గేటు వైపు చూసి, చౌడమ్మను దగ్గరికి పిలిచింది.

"జ్వరమా?"

"లే డాక్టరమ్మా, ఎండకు అట్లే అయితాడు."

"చెమట పడుతుందా వీడికి?"

ఆరేళ్ళలో ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆమె. చౌడమ్మ చెయ్యి దానంతటదే లేచి నోటికి అడ్డం వెళ్ళింది. పొద్దంతా అగరబత్తీలు రుద్దే చెయ్యి. పెదవి మీద నల్లటి మరక పడింది.

"ఇది పుట్టుకతో వచ్చేది అవ్వా. పన్ను, వెంట్రుక, చెమట, మూడూ కడుపులో ఒకటే పొరలోంచి తయారవుతాయి. వీడికి ఆ పొర సరిగ్గా రాలేదు. పళ్ళు మేము కట్టిస్తాము, దానికేం భయం లేదు. ఎండలో మాత్రం వదలొద్దు. మనకైతే చెమట పట్టి ఒళ్ళు చల్లబడుతుంది. వీడికి ఆ దారి లేదు, లోపలే ఉడికిపోతాడు. తడిబట్ట కప్పుతూ ఉండండి." చీటీ మీద ఏదో రాస్తూ అంది: "వచ్చే సోమవారం మా కాలేజీ ఆస్పత్రికి తీసుకురండి. వీళ్ళమ్మనూ, అమ్మ తరపు ఆడవాళ్ళనూ పిలుచుకుని రండి. ఇది తల్లి తరపు నుంచి వస్తుంది. ఆడవాళ్ళకు ఒకటో రెండో మొనపళ్ళు, అంతే, పెద్దగా తెలియదు. మగబిడ్డకు వచ్చేసరికి పూర్తిగా బయటపడుతుంది. మీరేమవుతారు వీడికి?"

"వాళ్ళ నాయనకు తల్లిని" అంది చౌడమ్మ, చేతి వెనకనుంచి.

అబద్ధం కాదు. కానీ హేమంతు తల్లి నేత్రావతి తన పెద్దకూతురి కూతురేననీ, ఇంటి పిల్ల ఇంట్లోనే ఉండాలని చిన్నకొడుకు గిరీషుకే చేసుకున్నామనీ చెప్పలేదు. చీటీని మడిచి వక్కాకు సంచిలో అడుగుకు దోపింది.

దారిలో వాడు తడిగుడ్డను నెత్తిన వేసుకుని, గోడల నీడ పట్టుకుని నడిచాడు. నీడ తెగిన చోట నిలబడి, అవతలి నీడ ఎంత దూరమో చూసుకుని పరిగెత్తేవాడు.

స్టేషను వెనక మునినారాయణప్ప వఠారంలో ఎదురెదురుగా ఎనిమిది ఇళ్ళు, మధ్యలో బండలు పరిచిన వాకిలి, ఒక నీళ్ళతొట్టి. ఇళ్ళన్నిటికీ పెంకులే. ఆ వాకిట్లో ఏ పిల్లకు పాలపన్ను ఊడినా ఆవుపేడలో పెట్టి, ఉండ చేసి, గరికపోచ గుచ్చి కప్పు మీదికి విసురుతారు. ఉండ పెంకుల మీద టప్పున పడుతుంది. గుడగుడా దొర్లుతుంది. రెండు కప్పులు కలిసే రేకుకాలువలో పడి ఆగుతుంది. దొర్లిన చప్పుడు బాగా వినిపిస్తే కొత్త పన్ను తొందరగా వస్తుందని పిల్లలు చప్పట్లు కొడతారు. హేమంతు తొట్టి పక్కన తడిబండ మీద వెల్లకిలా పడుకుని ఉండేవాడు. చప్పట్లు కొట్టేవాడు కాదు. చప్పుడు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో కళ్ళతో వెంబడించేవాడు.

ఈమధ్య తెల్లవారే వేళకు పెంకుల మీద అడుగులు వినిపిస్తున్నాయి. పిల్లి అంటుంది నేత్రావతి. పిల్లి నాలుగడుగులు వేసి, ఆగి, దేన్నో వెతుకుతున్నట్టు మళ్ళీ రెండడుగులు వేస్తుందా?

మంగళవారం పొద్దున అవ్వా మనవరాలూ ఎదురెదురు పలకల ముందు కూర్చుని బత్తీలు రుద్దుతున్నారు. పొడి చల్లి, నల్లటి మసాలా ముద్దలోంచి చిటికెడు తీసి, వెదురుపుల్లను దాని మీద పెట్టి అరచేత్తో ఒక్క దొర్లు దొర్లిస్తే పుల్ల నల్లచొక్కా తొడుక్కుని వస్తుంది. నేత్రావతి చేతివేగం వఠారంలో ఎవరికీ లేదు.

"అవ్వా, నిన్న బడికి డాక్టర్లు వచ్చిరంట కదా. మనోణ్ణి చూసి ఏమనిరి?"

"ఏముంది. పళ్ళు తోముకోండి అనిరి."

"ఉండే రెండు పళ్ళకూ అదే చెప్పిరా?"

"నువ్వు గ్రహణం పొద్దు పుల్లలు విరవకుండా ఉండుంటే నాలుగు మాటలు ఎక్కువ చెప్పుందురు లే."

నేత్రావతి తల దించుకుంది. దీపావళినాడు పట్టపగలు సూర్యగ్రహణం పట్టిన ఏడాది హేమంతు ఆమె కడుపులో ఉన్నాడు. ఆ పూట ఆమె వెదురుపుల్లలు విరిచిందని, అందుకే బిడ్డకు పళ్ళు రాలేదని వఠారంలో అందరికీ తెలుసు. చెప్పింది చౌడమ్మే. చెప్పీ చెప్పీ, ఒక్కోసారి తనకూ అదే నిజమనిపించేది. వాడు అన్నానికి కూర్చున్నప్పుడు కూడా ఆ చిన్న నోరు కంటపడేది కాదు. వాళ్ళింట్లో మూడుపూటలా రాగిసంగటే, సంగటి ఎవరైనా మింగేదే గానీ నమిలేది కాదు.

"అశ్వత్థా, బత్తీల చేటలు నీడకు జరపరా" అంది చౌడమ్మ, పలక మీదినుంచి తల ఎత్తకుండా.

"ఆఁ" అని హేమంతు లేచి వచ్చాడు.

చౌడమ్మ చెయ్యి పుల్ల మీద ఆగిపోయింది. వాడి పేరు అది కాదు. ఆ ఇంట్లో ఎవరి పేరూ అది కాదు. వాడికి ఆ పేరు ఎవరూ చెప్పలేదు. వాడు మాత్రం బొంగురు గొంతుతో, ఎప్పటినుంచో అదే పేరుతో పిలిపించుకుంటున్నవాడిలా పలికాడు.

అప్పుడే ఎదురింటి రత్నమ్మ వచ్చింది. "రొంత కాఫీపొడి ఉంటే ఇయ్యి పెద్దమ్మా, మా హర్షితకు జ్వరం దిగలేదు, ఆదివారం నుంచి కండ్లు తెరవదు" అంటూ కూర్చోవడానికి చేట పక్కకు జరిపింది. జరిపి, దాని వెనక ఏదో చూసి వంగింది. తరవాత ఆమె గొంతులోంచి వచ్చినది అరుపో ఏడుపో తెలియలేదు.

చేట వెనక ఎండిపోయిన దవడలు రెండున్నాయి. పైది, కిందిది. అగరబత్తీ మసాలాతో, చిన్నపిల్లల నోటికి సరిపోయే కొలతలో, వేళ్ళతో నున్నగా దిద్దినవి. ఆ నల్లటి చిగుళ్ళలో తెల్లగా పళ్ళు గుచ్చి ఉన్నాయి. నిజమైన పళ్ళు. గంధం వాసన వేస్తోంది.

"ఇది మా హర్షితది" అంది రత్నమ్మ, ముట్టుకోకుండా వేలు చూపిస్తూ. "ఈ పురుగు తిన్న పన్ను. శుక్రవారం నా చేత్తో నేను పైకి విసిరింది."

నిమిషంలో వాకిలంతా మూగింది. మా వాడిది, మా పిల్లది అంటూ పదకొండు పళ్ళకూ మనుషులు బయటపడ్డారు.

"బిడ్డల పండ్లు ఏరుకొచ్చి నల్లముద్దలో గుచ్చినావే, ఏం మాటమే, ఏం చేతబడే ఇది?" రత్నమ్మ నేత్రావతి మీదికి పోయింది. "గ్రహణంలో నీ బిడ్డకు పోయినవి మా బిడ్డలనుంచి లాక్కుంటావా?"

నేత్రావతి నల్లటి చేతులు రెండూ చీరకు తుడుచుకుంటూ నిలబడింది. ఎంత తుడిచినా పోయే నలుపు కాదు.

"నేనే చేసినా" అన్నాడు హేమంతు. "నాకు పండ్లు చేసుకొన్నా. మీరు పారేసినవే కదా."

చిన్నపిల్లాడి మాటే. కానీ ఆ ముడతల మొహంలోంచి, ఆ బొంగురు గొంతుతో వినేసరికి అందరూ ఒక అడుగు వెనక్కి వేశారు.

సాయంత్రం ఇంటి ఓనరు మునినారాయణప్ప గుడి పూజారిని వెంటబెట్టుకుని వచ్చాడు. పూజారి వెంకటరమణప్ప హేమంతు వీపు మీద చెయ్యి వేసి తీసేశాడు.

"ఈ వేడి మనిషిది కాదప్పా. లోపల ఏదో కూర్చోనుండాది. శుక్రవారం మిట్టమధ్యాహ్నం గుడి ముందర బండ మీద కూర్చోబెట్టండి. చెమట పట్టాల. ధారగా కారాల. దాంతోనే అది బయటికి పోతాది."

"అట్ల కాదంటే ఇల్లు ఖాళీ చేసేయండి" అన్నాడు మునినారాయణప్ప. "మిగతావోళ్ళు నా పానం తీస్తా ఉండారు. ఏమంటావు చౌడమ్మా? పెద్దదానివి."

అందరూ ఆమె వైపు చూశారు. కంపెనీ వ్యాను తోలి కుందలహళ్ళినుంచి అప్పుడే వచ్చిన గిరీషు కూడా, "అమ్మ ఎట్లంటే అట్లే" అన్నాడు. వక్కాకు సంచిలో మడిచిన చీటీ ఆమె నడుముకు గుచ్చుకుంటోంది. దాన్ని తీస్తే డాక్టరు మాటలన్నీ బయటికి తీయాలి. తల్లి తరపు ఆడవాళ్ళ నోళ్ళు తెరవాలి.

"కానీండి" అంది చౌడమ్మ, చెయ్యి అడ్డం పెట్టుకుని.

బుధవారం, గురువారం ఆమెకు సంగటి దిగలేదు. బత్తీలు వంకరగా వచ్చాయి. నేత్రావతి వాటిని చిదిపి మళ్ళీ ముద్దలో కలిపింది. హేమంతు తడిబండ మీద పడుకుని ఆకాశంకేసి చూస్తూ ఒకసారి అడిగాడు: "అవ్వా, బండ శానా కాలుతాదా?"

"నీకెవరు చెప్పిరి?"

"ఎవరూ చెప్పలే. నాకు తెలుసు."

శుక్రవారం గుడి ముందర నీడ మనుషుల కాళ్ళ కిందికి ముడుచుకుపోయింది. వేపమండలు, పసుపునీళ్ళు, కొబ్బరికాయ. వఠారం మొత్తం గుడి చూరు కింద నిలబడింది. నేత్రావతిని దగ్గరికి రానివ్వలేదు. పూజారి వాడి చొక్కా విప్పించి, నెత్తిమీది తడిగుడ్డ తీసేసి, బండ మీద కూర్చోబెట్టాడు.

"పరిగెత్తకుండా భుజాలు పట్టుకో చౌడమ్మా."

ఆమె వెనక మోకాళ్ళ మీద కూర్చుని పట్టుకుంది. ఆ భుజాలు ఆమె చేతుల్లో సరిగ్గా ఒదిగాయి. అరచేతులు వాటిని గుర్తుపట్టాయి. ఇవే ఎముకలు. ఇదే వేడి. అప్పుడు ఆమెకు పదేళ్ళు. ఆనేకల్ దగ్గర పల్లె, మరో బండ, మరో పూజారి, మరో మధ్యాహ్నం. "నీ తమ్ముడే కదమ్మీ, నువ్వే పట్టుకో, నీ మాటయితే వింటాడు" అన్నారు. అశ్వత్థ విన్నాడు. కదలకుండా కూర్చున్నాడు.

హేమంతు కూడా కదలలేదు. మొదట చెవులు ఎర్రబడ్డాయి. తరవాత మెడ. ఏడుస్తాడనుకున్నారు, ఏడవలేదు. కాసేపటికి తల కొంచెం పక్కకు వాల్చి, రెప్పలు సగం దించి, దూరంగా ఎవరో పిలిస్తే వింటున్నవాడిలా చిన్నగా నవ్వాడు. ఆ నవ్వులో మొనదేరిన రెండు పళ్ళు కనిపించాయి. చూరు కింద జనం కొంగులతో మొహాలు తుడుచుకుంటున్నారు. అందరికీ చెమట. వాడొక్కడే పొడి.

చౌడమ్మ గడ్డం మీదినుంచి ఒక చుక్క జారి వాడి మెడ మీద పడింది. మెల్లగా వెన్నుపూస వెంబడి కిందికి పాకింది.

"పట్టింది!" రత్నమ్మ అరిచింది. "సూడండి, చెమట! వస్తా ఉండాది!"

"రానీండి, రానీండి" పూజారి వేపమండ ఊపాడు. "ఇప్పుడు లేపకండి. ఇంకా రావాల. పూర్తిగా పోవాల."

సరిగ్గా ఈ మాటే. ఆ పొద్దు కూడా ఒక చుక్క పడింది. తమ్ముడి వీపు మీద అందరూ దాన్ని చూశారు, అందరూ సంతోషపడ్డారు, ఇంకా రానీ అన్నారు. ఆ చుక్క ఎవరిదో పదేళ్ళ పిల్లకు ఒక్కదానికే తెలుసు. నోరు తెరవలేదు. తెరిస్తే పళ్ళు కనిపిస్తాయని అప్పటికే చెయ్యి అడ్డం పెట్టుకోవడం నేర్చుకుంది. కాసేపటికి భుజాలు ఆమె చేతుల్లో బరువెక్కాయి.

ఇప్పుడు కూడా బరువెక్కుతున్నాయి.

"అది వాడిది కాదు" అంది చౌడమ్మ.

ఎవరికీ వినిపించలేదు. ఆమె లేచి నిలబడింది. పసుపునీళ్ళ బిందె ఎత్తి వాడి నెత్తిన కుమ్మరించింది. పమిట కొంగు ఆ నీళ్ళలోనే ముంచి, వాణ్ణి చుట్టి, చంకన వేసుకుని నీడలోకి నడిచింది. పూజారి అడ్డం వచ్చాడు.

"ఏం చేస్తా ఉండావమ్మా! అది బయటికొచ్చే వేళకు..."

"ఆ చుక్క నాది సామీ. నా గడ్డం మీదినుంచి పడింది. వీడికి చెమట పట్టదు. పట్టేదానికి ఒంట్లో దారి లేదు. సచ్చేదాకా కూర్చోబెట్టినా పట్టదు. నేను చూసినా." వాణ్ణి నేత్రావతి ఒళ్ళో పడుకోబెట్టి, తడికొంగుతో వీస్తూ చెప్పింది. "మా తమ్మునికీ పట్టలే. అట్లే కూర్చోబెట్టిరి. నేనే పట్టుకొన్నా."

"నీ కోడలు గ్రహణంలో..." రత్నమ్మ మొదలుపెట్టింది.

చౌడమ్మ బుగ్గనున్న వక్కాకు ఉమ్మేసింది. కొంగుతో పళ్ళు తుడుచుకుంది; ఒకసారి, రెండుసార్లు, నలభై ఏళ్ళ ఎరుపు కాస్త వదిలేదాకా. అడ్డం చెయ్యి లేకుండా వఠారం మొత్తానికి నోరు తెరిచి చూపించింది. ముందు పైవరసలో మల్లెమొగ్గల్లాంటి పళ్ళు రెండు. వాటికి అటూ ఇటూ ఖాళీ.

"బోరింగు పిడి తగిలి పోయినాయని చెప్పినా కదా అందరికీ. ఏ బోరింగూ తగల్లే. ఇట్లే పుట్టినా. నా కూతురికి ఇచ్చినా, అది దీనికి ఇచ్చింది, ఇది వీడికి. గ్రహణం లేదు, మాటం లేదు. నాదే."

మునినారాయణప్ప చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. పూజారి కొబ్బరికాయ వైపు చూసి, కొట్టాలో వద్దో తేలక కింద పెట్టేశాడు.

హేమంతు కళ్ళు తెరిచి నీళ్ళడిగాడు. నేత్రావతి తాగించింది. చౌడమ్మ వక్కాకు సంచిలోంచి చీటీ తీసి ఆమె ఒళ్ళో పెట్టింది. నేత్రావతి కన్నడం అక్షరాలు కూడబలుక్కుని పైనుంచి కిందికి చదివింది. మళ్ళీ మొదటినుంచి చదివింది.

"ఆరేండ్లు, అవ్వా" అంది.

అంతే అంది. ఆ తరవాత మూడు రోజులు ఆమె అవ్వతో మాట్లాడలేదు. పలకను కూడా తీసుకెళ్ళి వేరే గోడ పక్కన వేసుకుంది.

ఆదివారానికి హర్షితకు ఒంటి మీద పొక్కులు తేలాయి. ఇంకో రెండిళ్ళలో పిల్లలకూ తేలాయి. అమ్మవారు పోసిందని గుమ్మాలకు వేపమండలు కట్టుకున్నారు. నల్లదవడల మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. అలాగని హేమంతు పక్కన కూర్చోవడానికి పిల్లల్నీ పంపలేదు.

సోమవారం ఆస్పత్రిలో డాక్టరు స్పందన వాడి నోట్లో మెత్తటి ముద్ద పెట్టి అచ్చు తీసింది. నేత్రావతి సంచిలోంచి గుడ్డమూట విప్పి నల్లదవడలు బల్ల మీద పెట్టింది. డాక్టరు వాటిని ఎత్తి, పైదాన్ని కిందిదాని మీద ఆనించింది. పన్నుకు పన్ను కూర్చుంది.

"ఎవరు చేశారిది?"

"నేనే" అన్నాడు హేమంతు.

"నేను గులాబీరంగు మైనంతో చేస్తాను. అంతే తేడా" అంది డాక్టరు. మాట తేలిగ్గా అన్నా, వాటిని బల్ల మీద పెట్టి చేతులు కడుక్కుంది. ఆ తరవాత నేత్రావతి మొనదేరిన పక్కపళ్ళు చూసింది, చౌడమ్మను కుర్చీలో కూర్చోమంది. రెండు మొనపళ్ళలో ఒకటి ఎప్పటినుంచో ఊగుతోంది. మందు వేసి తీసి, దూదిలో చుట్టి చేతికిచ్చింది.

సాయంత్రం వాకిట్లో తొట్టి దగ్గర చౌడమ్మ దూది విప్పింది. హేమంతు ఆ పన్నును వేళ్ళ మధ్య పట్టుకుని, వాళ్ళమ్మ అద్దం తెచ్చుకుని, తన పన్ను పక్కన పెట్టుకుని చూసుకున్నాడు. అదే పొడుగు, అదే మొన. ఏది ఎవరిదో చెప్పలేనట్టుగా.

"అవ్వా, ఇది నాదా?"

"మనది" అంది చౌడమ్మ.

వాకిట్లో అందరూ చూస్తుండగా నేత్రావతి వెళ్ళి ఆవుపేడ తెచ్చింది. ఇన్ని రోజులకు అవ్వ పక్కన గొంతుకూర్చుని ఉండ చేసింది. చౌడమ్మ గరిక గుచ్చింది. హేమంతు ఎప్పుడూ విసరలేదు. విసరడానికి వాడికి పన్ను ఊడితే కదా. వాడు రెండడుగులు వెనక్కి వేసి, ఉన్న బలమంతా చేతిలోకి తెచ్చుకుని పైకి విసిరాడు.

పెంకుల మీద టప్పున పడిన చప్పుడు వినిపించింది.

వాళ్ళు ముగ్గురూ తలలెత్తి నిలబడ్డారు. దొర్లే చప్పుడు కోసం చూశారు. ఎదుటి గుమ్మంలో రత్నమ్మ కూడా చూసింది. ఉండ దొర్లలేదు. కాలువలో పడలేదు. పైన, తెల్లవారే వేళకు అడుగులు వినిపించే చోట, ఎవరో దోసిలి పట్టినట్టు చప్పుడు ఆగిపోయింది.

హేమంతు ఒక్కడే చప్పట్లు కొట్టాడు.